సబోహత్ టీచరు తొక్కించిన మట్టి

తూత్‌జోర్ ఊరి బడిలో ఒక గది తలుపు మీద చిత్రలేఖనం అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. తలుపు తోస్తే లోపల రెండు సోఫాలు, టీ నీళ్లు కాగే ఒక సమోవర్, గోడకు వేలాడదీసిన ఎర్ర తివాచీ కనిపిస్తాయి. జిల్లా నుంచి ఎవరొచ్చినా హెడ్మాస్టరు నెమత్ వాళ్లను అక్కడే కూర్చోబెట్టి పచ్చ టీ పోయిస్తాడు. బొమ్మలు నేర్పే సబోహత్ మాత్రం పిల్లలను వెంటేసుకుని బాయిలరు కొట్టంలోకి పోతుంది. బొగ్గుకుప్పకు ఈ పక్క పిల్లలు, ఆ పక్క బాయిలరు. చలికాలం ఇక్కడే వెచ్చగా ఉంటుందిలే అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకునేది. ఎండలు ముదిరాక ఆ మాట కూడా చెల్లేది కాదు. అయినా గది అడగలేదు.

అడగనిది గది ఒక్కటే కాదు. లెక్కల పరీక్ష దగ్గర పడితే ఆమె పీరియడ్ లెక్కలకు పోతుంది. అధికారి వస్తున్నాడంటే ఆమె పీరియడ్‌లోనే పిల్లలు ఆవరణ ఊడుస్తారు, చెట్ల మొదళ్లకు సున్నం కొడతారు. ఒక ఏడాది ఆమె పిల్లల చేత వేయించిన బొమ్మలు జిల్లాలో మొదట నిలిచాయి. బహుమానం అందుకోవడానికి హెడ్మాస్టరు మేనకోడలు వెళ్లింది. ఆ పిల్ల బడి ఆఫీసులో కూర్చుని తాళాలు చూసుకుంటుంది, అంతే. తిరిగొచ్చి అందరికీ మిఠాయి పంచితే సబోహత్ కూడా చెయ్యి చాపి తీసుకుంది, "శుభం అమ్మా" అని నోట్లో వేసుకుంది.

తోటి టీచర్లు ఆమెది వెన్నలాంటి మనసు అనేవారు. మెత్తదనం అని మనం ముద్దుగా పిలుచుకునేదాంట్లో సగానికి సగం భయమే ఉంటుందని వాళ్లలో ఎవరూ అనలేదు. తనకు జరిగిన అన్యాయాన్ని నోరు మూసుకుని మింగేవాళ్ల వల్ల ఇతరులకేం నష్టం అనుకుంటాం. నష్టం ఉంటుంది. మింగడం అలవాటైన గొంతు, ఇంకొకరి కోసం తెరుచుకోవలసిన రోజున కూడా మూతపడే ఉంటుంది. సబోహత్ కథ అదే.

ఆమె రాజధాని దుషాన్‌బేలో చిత్రకళ చదువుకుని వచ్చింది. భర్త, ఊళ్లో సగంమంది మగాళ్లలాగే, రష్యాలో ఇళ్లు కడుతున్నాడు. మొదట్లో ఆమె కూడా పుస్తకంలో ఉన్నట్టే నేర్పింది. ఆపిల్ పండు, కూజా, జెండా. ఒక వసంతంలో పిల్లలను బస్సెక్కించి పంజకెంత్ మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లింది. పదమూడు వందల ఏళ్ల కిందట ఈ జరఫ్షాన్ లోయలో బతికిన సోగ్దు జనం తమ ఇళ్ల గోడల మీద వేసుకున్న బొమ్మలు అక్కడున్నాయి. విందులో కూర్చున్న వర్తకులు, వీణలాంటి వాద్యం మీటే స్త్రీ, పులుల మీద దూకే వీరుడు. పిల్లలు నోరు తెరిచి చూశారు. చాలావాటి కింద 'నకలు' అని రాసి ఉంది. అసలువి ఎక్కడున్నాయని ఒక పిల్ల అడిగింది. దూరదేశాల పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయని చెప్పారు.

"మరి మనవి మనకే నకలు ఇచ్చారా?" అంది ఆ పిల్ల.

ఆ పిల్ల పేరు షహ్లో. సన్నగా, పొడుగ్గా, మోచేతులు అడ్డం వచ్చేలా నడుస్తుంది. ఆ ప్రశ్న సబోహత్‌ను బస్సులో ఇంటిదాకా వెంటాడింది. అసలువి తెచ్చి ఇవ్వడం తన వల్ల కాదు. వేసిన చేతులు ఎలా వేశాయో పిల్లల చేతులకు తెలిసేలా చెయ్యడం మాత్రం తన వల్ల అవుతుంది అనుకుంది.

అప్పటినుంచి బాయిలరు కొట్టం కొట్టంలా లేదు. పిల్లలు మట్టిలో గడ్డి కలిపి తొక్కి రెల్లుచాప మీద మెత్తారు. పైన సన్నమట్టి, దానిపైన సుద్దపూత. ఏటి ఒడ్డు ఎర్రరాళ్లు నూరితే ఎరుపు వచ్చింది. దీపపు మసి నలుపైంది. నీలం కోసం పాతవాళ్లు లోజ్వర్ద్ రాయి నూరేవారట. ఆ రాయి కొనే తాహతు ఎవరికుంది, పిల్లలు ఇళ్లలో బట్టలకు పెట్టే నీలిమందు తెచ్చారు. రంగు అంటుకోవడానికి ఖుబానీ చెట్ల జిగురు గీకి నానబెట్టారు. చేతులు కడిగినా ఆ వాసన పోయేది కాదు. బొమ్మల్లో పెద్దమనుషులు మధుపాత్రను వేళ్ల కొసల మీద నిలబెట్టి పట్టుకుంటారు. ఇది చూశాక ఆడపిల్లలు ఇళ్లలో టీ గిన్నెలు కూడా అలాగే పట్టడం మొదలెట్టారు. గిన్నెలు పగిలాయి. ఒక తల్లి బడిదాకా వచ్చి, "టీచరమ్మా, మా అమ్మాయి మహారాణి అయిపోయింది, గిన్నెలు నువ్వు కొనిపెడతావా?" అని నవ్వి పోయింది.

ఈ సంగతి నెమత్ చెవిన పడింది. కొత్త ఏడాది నవ్‌రోజ్ పండక్కి ప్రాంతీయ విద్యాధికారులు బడి చూడ్డానికి వస్తున్నారు. వరండా చివర పెద్ద చెక్కచట్రం కట్టించి, అందులో పిల్లల చేత సోగ్దు విందు బొమ్మ వేయించమన్నాడు. మొదటిసారి ఆమెను తన సోఫా గదిలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు. టీ తాగుతూ సబోహత్ ఆ నాలుగు గోడలను కళ్లతో కొలిచింది. ఈ బొమ్మ బాగా కుదిరితే, అధికారులు మెచ్చుకుంటే, అదే అదనుగా ఈ గది తనకు ఇమ్మని అడగాలి. ఎవరికీ చెప్పకుండా లోలోపలే ఆ నిర్ణయం తీసుకుంది.

కొత్తమట్టితో చేసిన మొదటి ప్రయత్నం ఎండగానే బీటలు వారింది. ఎందుకు వారిందో ఊళ్లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. కొత్తమట్టికి పొగరు ఎక్కువ. కూలిన పాతగోడ మట్టి అయితే ఒకసారి నాని, ఒకసారి తొక్కించుకుని, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ మాగి ఉంటుంది. అందుకే ఇక్కడ గోడ కూలితే ఆ మట్టిని పారబొయ్యరు. నానబెట్టి మళ్లీ మెత్తుతారు. తాత గోడ తండ్రి గోడవుతుంది, తండ్రి గోడ మనవడి గోడవుతుంది. అది పొదుపే కాదు, మర్యాద కూడా. సబోహత్ పిల్లలతో, మీ మీ ఇళ్ల నుంచి తలా కొంచెం పాతగోడ మట్టి తీసుకురండి అంది.

పిల్లలు తెచ్చారు. బకెట్లలో, సంచుల్లో, ఒకడైతే తన టోపీలో. షహ్లో గాడిద మీద రెండు బస్తాలు వేసుకొచ్చింది. విప్పి చూస్తే మట్టి పిండిలా ఉంది. ఒక్క గులకరాయి లేదు. సబోహత్ అందరి ముందూ ఆ మట్టిని అరచేతిలోకి తీసుకుని, మట్టంటే ఇదమ్మా, అని మెచ్చుకుంది. షహ్లో చెవులు ఎర్రబడ్డాయి. ఈ మట్టి ఎక్కడిది అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే తెలిసేది. షహ్లో వాళ్లు తండ్రి పంపిన డబ్బుతో సిమెంటు దిమ్మెల ఇల్లు కట్టుకున్నారు. వాళ్లకు పాతగోడే లేదు. టీచరు పాతగోడ మట్టి అడిగింది. ఊళ్లో ఆ పిల్లకు తెలిసిన పాతగోడల్లో ఎవరికీ చెందనివి ఒక్కచోటే ఉన్నాయి. తన ఇంటి వెనకాల, ఊరి చివర దిబ్బ మీద. ఊరంతా దాన్ని కాఫిర్ల కోట, అంటే మన మతం కానివాళ్ల కోట, అంటుంది. కాఫిర్లది కాబట్టి మనది కాదు. మనది కాదు కాబట్టి ఎవరు తవ్వుకున్నా తప్పు లేదు. తందూరు పొయ్యికీ, పశువుల కొట్టానికీ, టమాటా మళ్లకూ ఊరు ఊరంతా పారలేసుకుని తోడుకున్న దిబ్బ అది.

తొక్కే రోజు పండగలాగే ఉంది. ఇల్లు మెత్తాలంటే ఇరుగుపొరుగు అందరూ కూలి లేకుండా కలిసొచ్చి తొక్కే హషర్ ఆచారం ఇక్కడ ఉంది. పిల్లలు దాన్నే బడి ఆవరణలో పెట్టారు. గుంట తవ్వి, మట్టి పోసి, నీళ్లు వదిలి, గడ్డి చల్లి, లాగులు పైకి మడిచి దిగారు. పాటలు, జారిపడడాలు, ఒకరినొకరు లాగడాలు. షహ్లో గట్టు మీద బకెట్‌తో నీళ్లు పోస్తోంది. సబోహత్ గుంట అంచున వంగి మట్టి పదును చూస్తుంటే వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది.

గోరంత ముక్క. ఒక వైపు మట్టి, ఇంకో వైపు సుద్ద తెలుపు, ఆ తెలుపు మీద నీలం. నీలిమందు నీలం కాదు. ఇన్నేళ్లుగా మ్యూజియం అద్దాల వెనక మాత్రమే చూసిన నీలం, రాయి నూరితే తప్ప రాని నీలం. దాని మీద వెంట్రుకంత నల్లగీత ఒకటి వంపు తిరిగి ఉంది. కనురెప్పో, చెవి కమ్మో చెప్పలేం.

ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు, అంతా అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేసింది? తలెత్తి చుట్టూ చూసింది. పిల్లలు తొక్కుతున్నారు. వరండా చివర చట్రం ఖాళీగా ఎదురుచూస్తోంది. అధికారులు రావడానికి వారం కూడా లేదు. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతారు. మట్టి ఎక్కడిదంటారు. బొమ్మ ఉండదు. బొమ్మ లేకపోతే గది లేదు. ఆమె వేలిచివర ఉన్న ముక్కను మెల్లగా మట్టిలోకి నొక్కేసింది.

"బాగా తొక్కండమ్మా, ఉండలు మిగలకూడదు," అంది.

పిల్లలు ఇంకా గట్టిగా తొక్కారు.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. ఒక్క బీట లేదు. విందులో కూర్చున్న మనుషులకు ఊళ్లోవాళ్ల ముఖాలు పెట్టారు. మధ్యలో పాత్ర ఎత్తి పట్టుకున్నామె అచ్చం పండ్లమ్మే మామ్మలా ఉందని అందరూ నవ్వుకున్నారు. కింద ఒక మూర వెడల్పున రంగు వెయ్యకుండా వదిలేశారు. గడ్డిమట్టి, సన్నమట్టి, సుద్ద, రంగు ఎలా ఒకదానిమీద ఒకటి వస్తాయో చూసేవాళ్లకు తెలియాలన్నది పిల్లల ఆలోచనే.

నవ్‌రోజ్ నాడు అధికారులతోపాటు మ్యూజియం నుంచి రజబ్ కూడా వచ్చాడు. పాతబొమ్మలకు మరమ్మతు చేసే మనిషి, జిగురు ఎంత చిక్కగా ఉండాలో సబోహత్‌కు చెప్పింది అతనే. అందరూ పైనున్న విందును చూస్తుంటే అతను మోకాళ్ల మీద కూర్చుని కిందనున్న గడ్డిమట్టిని చూశాడు. చాలాసేపు లేవలేదు. జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఇది మీ రంగు కాదు," అన్నాడు రజబ్, గడ్డిమట్టిలో ఒక నీలి నలుసు మీద వేలు పెట్టి. "ఇదీ కాదు. మట్టి ఎక్కడ తవ్వారు?"

నెమత్ నవ్వుతూ ఉన్న ముఖాన్ని అలాగే ఉంచి సబోహత్ వైపు తిరిగాడు. పిల్లలు అందరూ కూడబలుక్కున్నట్టు షహ్లో వైపు చూశారు. ఆ పిల్ల టీచరు వైపు చూసింది.

"పిల్లలు... పిల్లలే తెచ్చారు సార్," అంది సబోహత్.

ఆ వాక్యంలో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే అది అంత నీచమైన వాక్యం. ఊళ్లో ఎవరైనా ఆమెను అబద్ధాలకోరు అనలేరు. ఒక్క మాటతో తను పక్కకు జరిగింది, తను నిలబడ్డ చోట ఒక పన్నెండేళ్ల పిల్ల మిగిలింది.

షహ్లో ఇంటి వెనకాలి దిబ్బ మీద తాజా గుంట కనపడడానికి ఎంతోసేపు పట్టలేదు. లోపల గది గోడ అంచు ఒకటి బయటపడి, పైభాగం తవ్వకంలో విరిగి జారిపోయి ఉంది. మిగిలిన ముక్క మీద ఒక గడ్డం, కింది పెదవి, పాత్రను వేళ్ల కొసల మీద నిలబెట్టిన చెయ్యి. పెదవికి పైన ఏమీ లేదు. రజబ్ అక్కడ నిలబడి, చేత్తో ముఖం తుడుచుకుని కిందికి దిగాడు. కళ్లు ఎక్కడున్నాయో అతనికి తెలుసు. బడి వరండాలో, విందు బొమ్మ వెనకాల, గడ్డితో కలిసిపోయి ఉన్నాయి. వాటిని ఇక విడదీయలేరు.

మర్నాడు షహ్లో నాయనమ్మను పిలిపించారు. పేరు జుల్ఫిమో. కొడుకు రష్యాలో, కోడలు పోయి చాలా ఏళ్లయింది, ఆ పిల్లకు తల్లీ తండ్రీ ఆవిడే. ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్లని మనిషి కాబట్టి గుడ్డలో రెండు తందూరు రొట్టెలు చుట్టుకుని వచ్చింది. సోఫా గదిలో సోఫా అంచున కూర్చుంది. నెమత్, ఇద్దరు ఊరి పెద్దలు, రజబ్, ఒక మూల సబోహత్. రొట్టె ఎవరూ ముట్టుకోలేదు.

నెమత్ చాలా మాట్లాడాడు. దేశం సొత్తు అన్నాడు, చరిత్ర అన్నాడు, ఈ బడికి జరిగిన తలవంపులు అన్నాడు. పిల్లను విచారించాలి అన్నాడు. అంతదాకా తల వంచుకున్న ముసలమ్మ ఆ మాటకు తలెత్తింది.

"పిల్లని ఏం అడుగుతావు నెమత్? తవ్వింది నేను. గాడిద నాది, పార నాది, బుద్ధి లేనిదాన్ని నేను."

"అది పాతకాలం కోట అని తెలీదా పెద్దమ్మా?"

"కాఫిర్లది, పోతే పోనీ అని మీ నాన్నే అనేవాడు. మీ ఇంటి తందూరు ఏ మట్టిదో నీకు తెలీదా నాయనా? నాకు తెలుసు, నేనే కట్టిచ్చాను."

ఊరి పెద్దల్లో ఒకాయన దగ్గి కిటికీలోంచి బయటికి చూశాడు. రజబ్ గొంతు సవరించుకుని, అసలు బడిలో మట్టి తెమ్మన్నదెవరు అని అడగబోయాడు. నెమత్ అతన్ని సాగనివ్వలేదు. బడికి ఏ సంబంధమూ లేదన్నాడు. సబోహత్ మూలన కూర్చుని ముసలమ్మ చేతులు చూస్తోంది. గంటుపడ్డ వేళ్లు. ఆ వేళ్లు ఈ ఏడాది పార పట్టనే లేదని ఆమెకు తెలుసు. మోకాలు విరిగి చలికాలమంతా మంచం దిగలేదు. ఊరికంతా తెలుసు. ఒక ముసలి మనిషి తన కళ్లముందే అబద్ధమాడి మనవరాలిని కాపాడుతోంది, తను నిజం తెలిసీ తనని కాపాడుకుంటోంది.

శిక్ష ఊరే వేసింది. ముసలమ్మ స్వయంగా వెళ్లి గుంట పూడ్చాలి, ఇకపైన దిబ్బ జోలికి రానని అందరి ముందూ చెప్పాలి. రెండు రోజులపాటు ఆ కుంటికాలితో ఆవిడ దిబ్బ మీద పారతో మట్టి లాగుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లు చూసి తల తిప్పుకున్నారు. ఒక్కరూ సాయానికి దిగలేదు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా పిలవకుండా హషర్‌కు వచ్చే ఊరు అది. బడిలో షహ్లోకు కాఫిర్ల దొంగ అని పేరు పడింది. నాలుగో రోజు నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

నెమత్ ఒకసారి సబోహత్‌ను వరండాలో ఆపి, గొంతు తగ్గించి, "నీ పేరు ఎక్కడా రాకుండా చూశాను. నువ్వు కూడా ఊరుకో," అన్నాడు.

"సంతోషం సార్," అంది ఆమె.

అలవాటుగా వచ్చేసిన మాట. ఆ మాట తర్వాతే ఆమెకు తిండి సయించకుండా పోయింది. అందరి ముందూ నోరు మూసుకున్నందుకన్నా, అలా మూయించినందుకు తను కృతజ్ఞత కూడా చెప్పినందుకు ఆమె ఎక్కువ సిగ్గుపడింది. నడుస్తుంటే ఎవరో వెనకనుంచి చూస్తున్నట్టుండేది. తిరిగితే ఎవరూ ఉండేవారు కాదు.

ఒక మధ్యాహ్నం జుల్ఫిమో ఇంటికి వెళ్లింది. షహ్లో చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయి, పిల్ల మాత్రం కనపడలేదు. లోపలి గది పరదా కదిలి ఆగింది. ముసలమ్మ దస్తర్‌ఖాన్ గుడ్డ నేల మీద పరిచి రొట్టె విరిచింది, ఎండు ఖుబానీలు పెట్టింది, గిన్నెలో టీ పోసింది. అతిథికి సగం గిన్నె పోస్తే ఇంకాసేపు కూర్చోమని. అంచుదాకా పోస్తే తాగి వెళ్లమని. జుల్ఫిమో అంచుదాకా పోసింది. ఒలికిపోయేలా పోసింది.

సబోహత్ ఆ గిన్నె ముట్టుకోలేకపోయింది.

"పెద్దమ్మా, ఆ మట్టిలో ముక్క నేను చూశాను. తొక్కే రోజే చూశాను."

"తెలుసు."

"మీకెలా తెలుసు?"

"పిల్ల నీళ్లు పోస్తోంది కదా. నువ్వు వేలుతో లోపలికి నొక్కడం చూసింది. ఇంటికొచ్చి చెప్పింది, నాయనమ్మా, టీచరు చూశారు, నేను తప్పు చేశాను గానీ టీచరు చూసుకుంటారు అని." ముసలమ్మ రొట్టె ముక్కను సబోహత్ వైపు కొంచెం జరిపింది. "ఆ రోజు రజబ్ అడిగినప్పుడు కూడా నువ్వే చెప్తావని చూసిందట. నా దగ్గర చెప్పుకుంటే ఏం లాభం బిడ్డా? నాకు కొత్త సంగతేం కాదు. ఎవరి ముందు మూశావో ఆ నోరు వాళ్ల ముందు తెరువు. వీలైతే తెరువు. లేకపోతే టీ తాగి వెళ్లు."

సబోహత్ టీ తాగకుండానే లేచింది. అతిథి టీ తాగకుండా లేవడం ఆ ఇంటికి అవమానమని తెలుసు, కానీ మింగడం ఇక చేతకాలేదు.

ఆ వారాంతంలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. తండ్రులు తక్కువ, తల్లులూ నాయనమ్మలూ ఎక్కువ. నెమత్ విందు బొమ్మ గురించి గొప్పగా చెప్పి, మట్టి విషయంలో జరిగిన పొరపాటుకు బాధ్యులను దండించామని ముగించాడు. సబోహత్ లేచి నిలబడింది. ఇన్నేళ్లలో ఏ సమావేశంలోనూ ఆమె లేవలేదు కాబట్టి, నీళ్లకోసమేమో అనుకుని ఎవరో చెంబు అందించారు.

ఆమె చెంబు కింద పెట్టి, ముందు బెంచీ పట్టుకుని చెప్పింది. పాతగోడ మట్టి తెమ్మన్నది తనేనని చెప్పింది. ఆ పిల్లకు పాతగోడ లేదని తెలుసుకోకుండా అడిగానంది. ఎక్కడిదని అడగకుండా మెచ్చుకున్నానంది. తొక్కే గుంటలో రంగు ముక్క చూశాక కూడా ఆపలేదని, పైగా బాగా తొక్కమన్నానని, రజబ్ అడిగినప్పుడు పిల్లల వెనక దాక్కున్నానని చెప్పింది. ఎందుకు ఆపలేదో కూడా దాచలేదు. గది కోసం అంది.

"సబోహత్, ఇవన్నీ తర్వాత మనం మాట్లాడుకుందాం," అన్నాడు నెమత్.

"తర్వాత నేను మాట్లాడను సార్. నాకు తెలుసు."

వెనక వరసలోంచి ఒకావిడ, "ముసలిది గుంట పూడుస్తుంటే నువ్వూ ఆ దారినే కదమ్మా ఇంటికి పోయింది?" అంది.

"ఆ దారినే పోయాను," అంది సబోహత్. "తల తిప్పుకుని పోయాను."

ఆ గదిలో తల తిప్పుకుని పోని మనిషి లేడు. చప్పట్లు కూడా లేవు. ఎవరూ ఆమెను కౌగిలించుకోలేదు. కొందరు తల్లులు చాలా రోజుల దాకా ఆమె సలాముకు బదులు పలకలేదు. పెద్ద క్లాసుల చిత్రలేఖనం నెమత్ మేనకోడలికి ఇచ్చారు. సబోహత్‌కు పైనుంచి హెచ్చరిక వచ్చింది, చిన్న క్లాసులు మాత్రం మిగిలాయి, ఆ బాయిలరు కొట్టంలోనే. విందు బొమ్మను రజబ్ చట్రంతో సహా లారీకెక్కించి తీసుకెళ్లి మ్యూజియం వెనకగదిలో గోడకు ఆనించాడు. దాని పక్కన ఒక పెట్టెలో పెదవీ గడ్డమూ ఉన్న ముక్క ఉంది. ఈ రెండింటినీ ఏ వరసలో పెట్టాలో తనకూ తెలియడం లేదని ఒకసారి సబోహత్‌తో అన్నాడు. అసలు గోడ మట్టి కలిసింది కాబట్టి పిల్లలు వేసినది నకలు కాదు, సగం పోయింది కాబట్టి పాతది పూర్తి అసలూ కాదు.

షహ్లో సమావేశం జరిగిన మరుసటి సోమవారం బడికి వచ్చింది. జుల్ఫిమో తనే చెయ్యి పట్టుకుని గేటుదాకా తెచ్చి వదిలింది. పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు కాఫిర్ల దొంగ అంటారు. ఒకసారి పడిన పేరు ఒక్క మాటతో పోదు. నిజం ఆలస్యంగా వస్తే అది చేసే పని కూడా సగమే. సబోహత్ ఆ పిల్లను కొట్టం బయట నిలబెట్టి తప్పైందమ్మా అంది. షహ్లో నేల చూస్తూ తల ఊపింది. క్షమించానని అనలేదు, అనవలసిన అవసరమూ లేదు.

ఇప్పుడు సబోహత్ మట్టి ముందుగా తనే తెస్తుంది, ఏటి ఒడ్డున ఒండ్రు. అది బీటలు వారుతుంది. వారనీ అంటుంది. పిల్లలు బీటల మీదే బొమ్మలు వేస్తారు. దిబ్బ మీదికి కూడా తీసుకెళుతుంది, చేతుల్లో పారా బకెట్టూ లేకుండా, చూడడానికి మాత్రమే. అది కాఫిర్ల కోట కాదని, మన ముత్తాతల ముత్తాతల ఇళ్లని చెబుతుంది. షహ్లో పెద్ద క్లాసులోకి పోయినా ఆ నడకకు వస్తుంది. అందరికంటే వెనక నడుస్తుంది. రంగులు నూరుతుంది, సుద్ద పూస్తుంది, గీతలు ఆమెలా ఎవరూ గియ్యలేరు. తొక్కే గుంటలోకి మాత్రం దిగదు. ఒకసారి సబోహత్ దిగమని బతిమాలితే అంది:

"కాళ్ల కింద ఏముందో అనిపిస్తుంది టీచర్."

ఇది చదువుతున్న మీ ఊరి శివారులో కూడా పాతకాలపు ఊరు పూడిపోయిన పాటిదిబ్బ ఒకటి ఉండే ఉంటుంది. పాటిమన్ను పొలానికి బలమని, ఇటుకకు మంచిదని ట్రాక్టర్లు దాన్ని తోలుకుపోతూ ఉండవచ్చు. రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే, మీరు బస్సు కోసం నిలబడి ఉండగానే. ఈ ఆదివారం ఆ దిబ్బ దాకా వెళ్లండి. మీ పిల్లలను వెంట తీసుకెళ్లండి. మన్ను ఎక్కడికి పోతోందో ట్రాక్టరు ఆపి అడగండి, పంచాయతీలో అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి. మీ ఊరి బడిలో బొమ్మలు నేర్పే మనిషి ఎక్కడ కూర్చుంటున్నారో కూడా ఒకసారి చూసి రండి. పెద్దవాళ్లు చేసినదానికి ఒక పిల్లను నిలబెట్టి అడుగుతున్న గదిలో మీరు ఎప్పుడైనా ఉంటే, దయచేసి వారం ఆగకండి. అప్పుడే లేచి నిలబడండి.